పెద్ద ముందు చక్రం: గుంతలో కలిసొచ్చేదెంత, మలుపులో పోయేదెంత

నాట్ల రోజుల్లో కోనసీమ రోడ్ల మీద మోటారు సైకిలు నడిపేవాళ్లకు దమ్ము చక్రాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. చేలో దమ్ము చేసిన ట్రాక్టరు ఆ ఇనప చక్రాలు విప్పకుండానే రోడ్డెక్కిందంటే తారు మీద వరసగా గాట్లు పడతాయి. వెనకాలే నల్లమట్టి పెళ్లలు. కింద ఉన్న నేల చూస్తే వానకి ఉబ్బి, ఎండకి బీటలిచ్చే నల్ల ఒండ్రు. అది కుంగినప్పుడల్లా రోడ్డునీ లాగేస్తుంది. ఇలాంటి దారుల్లో ఓ పూట తిరిగొచ్చి మణికట్లు నొప్పంటే చాలు, ఎవరో ఒకరు సలహా పారేస్తారు: "ముందు 17 అంగుళాల చక్రం తీయించేసి 19 వేయించెయ్ రా, గుంతలే తెలీవు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఎంత ఉందో చెప్పడానికి టైరు పక్కన ఉండే అంకెలు చాలు. కొన్ని టూరింగ్ బండ్లకు ముందు 110/70-17 ఉంటుంది. అంటే వెడల్పు 110 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం, 77 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు, రిమ్ము 17 అంగుళాలు. గోడ కిందా పైనా రెండుసార్లు వస్తుంది కాబట్టి చక్రం మొత్తం ఎత్తు 586 మిల్లీమీటర్లు. దాని బదులు వేయించే 100/90-19 ఎత్తు 663. ఇరుసు 38 మిల్లీమీటర్లు పైకి లేచిందన్నమాట, సుమారుగా రెండు వేళ్ల వెడల్పు.

ఇప్పుడు గుంత సంగతి. 30 సెంటీమీటర్ల నిడివి ఉన్న లోతైన గుంత మీదుగా చక్రం దొర్లితే అది అడుగు దాకా దిగదు. రెండు అంచుల మధ్య కొంత దిగి ఎదుటి అంచుకి తగులుతుంది. ఎంత దిగేదీ చక్రం సైజుని బట్టి ఉంటుంది. పాత చక్రం 41 మిల్లీమీటర్లు దిగితే కొత్తది 36. తేడా ఐదే. 10 సెంటీమీటర్ల ఎత్తున్న అంచు మీదకి మెల్లగా ఎక్కించాలన్నా ఇరుసు దగ్గర కావలసిన తోపుడు పది శాతమే తగ్గుతుంది. ఎడ్లబండికి అంతెత్తు చక్రాలు పెట్టింది ఈ సూత్రంతోనే. కాకపోతే అక్కడి తేడా అడుగుల్లో, ఇక్కడ వేళ్లలో.

మరి వేయించుకున్నవాళ్లు బండి మెత్తగా పోతోందని ఎందుకంటారు? అబద్ధమేమీ కాదు. గోడ ఎత్తు 77 నుంచి 90కి పెరిగింది కదా, గుంత అంచు తగిలినప్పుడు నొక్కుకోవడానికి రబ్బరుకి, గాలికి చోటు దొరికింది. రిమ్ము సొట్ట పడటం కూడా తగ్గుతుంది. నా ఉద్దేశంలో పేరు చక్రానికి వస్తోంది గానీ, పనిలో పెద్ద వాటా టైరు గోడదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు మార్పు హ్యాండిల్ దగ్గర. బండిని నిటారుగా నిలబెట్టి, హ్యాండిల్ తిరిగే గొట్టం ఎంత వాలుగా ఉందో అదే వాలులో ఓ దారం పట్టి నేల దాకా లాగండి. దారం తగిలిన చోట సుద్దముక్కతో ఓ చుక్క. ముందు టైరు నేలను తాకే చోట ఇంకో చుక్క. దారం చుక్క ముందుంటుంది, టైరు చుక్క దాని వెనక. ఈ ఎడాన్నే ట్రెయిల్ అంటారు. తిరిగే గీతకి వెనకగా నేల టైరుని పట్టి ఉంచుతుంది కాబట్టే, పక్కకి తిరిగిన చక్రం మళ్లీ తిన్నబడుతుంది. ట్రెయిల్ ఎక్కువైతే బండి తిన్నగా పోవడానికి ఇష్టపడుతుంది, తిప్పాలంటే మొరాయిస్తుంది.

గొట్టం వాలు 25 డిగ్రీలు, ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలు) ఇరుసు ఆ గీతకి 35 మిల్లీమీటర్లు ముందుకి, చక్రానికీ చక్రానికీ మధ్య 1,450 మిల్లీమీటర్లు ఉన్న బండిని తీసుకుందాం. దాని ట్రెయిల్ 98 మిల్లీమీటర్లు. ముందు భాగం 38 లేవగానే బండి మొత్తం ఒకటిన్నర డిగ్రీ వెనక్కి వాలుతుంది. వాలూ పెరిగి, చక్రమూ పెరిగి, ట్రెయిల్ 126కి పోతుంది. గుంతలో దక్కింది ఐదు మిల్లీమీటర్లు, ఇక్కడ మారింది 28.

కత్తిపూడి నుంచి యానాం, అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216 జాతీయ రహదారి మీద ఇది బాగానే ఉంటుంది. బండి గీత గీసినట్టు పోతుంది. అక్కణ్ణించి కాలవ గట్టు రోడ్డులోకి దిగండి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరి తోట, లాకుల దగ్గర చటుక్కున మలుపు, ఎదురుగా కాయల లోడుతో ట్రాక్టరు. అలాంటి చోట హ్యాండిల్ చెప్పిన మాట వెంటనే వినాలి. నడక వేగంలో ఇంకో చిక్కుంది. హ్యాండిల్ కాస్త తిరగ్గానే తనంతట తాను ఆ పక్కకి వాలిపోయే గుణం, పై లెక్క ప్రకారం, మూడోవంతు పెరుగుతుంది. సఖినేటిపల్లి రేవులో సామాన్ల పెట్టెలు, వెనక మనిషితో సహా పంటు (రేవు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు చేతులకి తెలుస్తుంది.

తిరిగే చక్రం బొంగరంలా బండిని నిలబెడుతుంది కాబట్టి పెద్ద చక్రం మంచిదేగా అనే వాదన ఒకటుంది. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త సైకిలు ముందు చక్రం పక్కనే ఎదురు తిరిగే ఇంకో చక్రం బిగించి ఆ ప్రభావాన్ని కొట్టేశాడు. సైకిలు హాయిగానే నడిచింది. బొంగరం పాత్ర ఉంది, అందరూ అనుకునేంత లేదు.

ఎవరూ ముందుగా చెప్పనిది హెడ్‌లైటు సంగతి. ఒకటిన్నర డిగ్రీ అంటే ఏపాటి అనిపిస్తుంది గానీ, 50 మీటర్ల దూరంలో వెలుగు 1.3 మీటర్లు పైకి పోతుంది. డిమ్ములో పెట్టినా ఎదుటివాడి కళ్లలోకే. రెండు బండ్లు ఒరుసుకుంటూ తప్పుకునే గట్టు రోడ్డు మీద ఎదుటివాడికి కళ్లు చీకట్లు కమ్మితే వాడు పోయేది కాలవలోకి. చక్రం మార్చిన రోజే లైటు కిందికి దించుకోవాలి.

మిగతావి చిన్నవే గానీ వదిలేసేవి కావు. డిస్కు అదే, చక్రం పెరిగింది కాబట్టి లివరు అంతే నొక్కితే బ్రేకు పట్టు 12 శాతం తగ్గుతుంది. స్పీడు ముందు చక్రం నుంచి తీసుకునే బండైతే అసలు వేగం 60 ఉన్నప్పుడు మీటరు అంతకుముందు 60 చూపించేది కాస్తా 53 చూపిస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ రెండు చక్రాల వేగాలనీ పోల్చి చూసుకుంటుంది. ఆ లెక్క తప్పితే హెచ్చరిక లైటు వెలగొచ్చు, లేదా బ్రేకు దగ్గర తడబడొచ్చు. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు టైరు మడ్‌గార్డుకో రేడియేటరుకో తగిలితే చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది, కాబట్టి స్ప్రింగులు తీసి ఫోర్కు అడుగు దాకా దించి చూపించమని మెకానిక్‌ని అడగాల్సిందే. ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో పది పదిహేను మిల్లీమీటర్లు పైకి జరిపి వాలు సరిచేస్తామంటారు. కొంత సరిపడుతుంది, కానీ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ ఇంకా తగ్గిపోతుంది. ఇక 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. బీమా క్లెయిము దగ్గర ఇది గుర్తొస్తే టెన్షనే.

మారేడుమిల్లి అడవి బాటల్లో తరచూ తిరిగేవాళ్లకు పెద్ద చక్రం కావాలనడంలో తప్పులేదు. వాళ్లు హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాగా కంపెనీలోనే 21 అంగుళాల చక్రానికి తగ్గట్టు ఫోర్కు వాలు కుదిర్చిన బండి కొనుక్కోవడం మేలు. డెల్టాలోనే తిరిగేవాళ్లకు నేనైతే పాత రిమ్ము మీదే 110/80-17 వేయించుకోమంటాను. గోడ ఎత్తు 88 మిల్లీమీటర్లు, 19 అంగుళాల టైరుకి రెండే తక్కువ. ఇరుసు లేచేది 11 మాత్రమే, ట్రెయిల్ 106 దగ్గర ఆగుతుంది. లైటు కూడా అర డిగ్రీ లోపే కదులుతుంది. ఈ సైజు వెనక చక్రానికీ వస్తుంది కాబట్టి కొనేటప్పుడు ముందుకి వేయదగినదో కాదో, తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఎటు ఉందో చూసుకోవాలి. ఆ 11 మిల్లీమీటర్లకు మడ్‌గార్డు కింద చోటుందో లేదో చక్రం విప్పకముందే కొలుచుకోవచ్చు.