సూదిని తుంచేయడం ఎందుకు మొదలైంది?

టీకా వేయగానే నర్సు సిరంజిని చిన్న కట్టర్‌లో పెట్టి సూదిని తుంచేస్తుంది. సూది ముక్క తెల్ల డబ్బాలోకి, ప్లాస్టిక్ గొట్టం ఎర్ర సంచిలోకి పోతాయి. రెండు సెకన్ల పని. ఈ అలవాటు వెనక ఎంతోమంది ప్రాణాలున్నాయి.

గాజు సిరంజిల రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. స్టవ్ మీద మూతపెట్టిన స్టీలు గిన్నె, కుతకుత ఉడికే నీళ్లు, పట్టకారుతో సిరంజి తీసే కాంపౌండర్. తగినంతసేపు మరిగిస్తే చాలా క్రిములు చస్తాయి. బయట ముప్పై మంది జ్వరంతో కూర్చుంటే అంతసేపు ఎవరు ఆగుతారు? సూది మార్చి, సిరంజి అదే వాడేవాళ్లూ ఉండేవారు. కంటికి కనిపించనంత రక్తం వెనక్కి వచ్చి గొట్టంలో ఉండిపోతుందని వాళ్లకు తట్టలేదు.

దీని నష్టం ఎంత పెద్దదో ఈజిప్టులో బయటపడింది. మంచినీటి నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా అనే పురుగు జబ్బును తగ్గించడానికి, 1960ల నుంచి 1980ల దాకా అక్కడి ప్రభుత్వం పల్లెపల్లెనా ఇంజెక్షన్లు ఇప్పించింది. గాజు సిరంజిలు సరిగ్గా శుభ్రం కాలేదు. మందుతో పాటు, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్ కూడా ఒంట్లోకి వెళ్లింది. ఆ వైరస్‌ను గుర్తించిందే 1989లో! మంచి చేయబోయిన కార్యక్రమమే ఆ దేశానికి తరాల కాలేయ జబ్బును మిగిల్చింది. నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇదే.

మన దేశంలో 1986లో హెచ్ఐవీ బయటపడ్డాక, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజి మీద నమ్మకం పెరిగింది. పారేసినవి ఎటు పోతున్నాయో చూసేవాళ్లు తక్కువ. ఆసుపత్రి చెత్తకు 1998లో నిబంధనలు వచ్చినా, 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్-బి విరుచుకుపడి పదుల మంది చనిపోయారు. వాడేసిన సిరంజిలు మళ్లీ వాడకంలోకి రావడమే దానికి కారణమని తేలింది. సూది తుంచిన సిరంజిని మళ్లీ ఎవరూ అమ్మలేరు. కట్టర్ అవసరం అక్కడే ఉంది.

పిల్లల టీకాలకు అంతకు ముందే, 2005 నుంచి, ఒకసారి నొక్కాక మళ్లీ వెనక్కి లాగలేని సిరంజిలు వచ్చాయి. అయితే ప్రపంచంలో వేసే ఇంజెక్షన్లలో టీకాల వాటా చాలా తక్కువ. మిగతావన్నీ జ్వరాలకు, నొప్పులకు, నీరసానికి వేసేవే. సూది పడితే గానీ జ్వరం దిగదని మన ఊళ్లలో ఇప్పటికీ నమ్ముతారు. మాత్ర రాస్తే, "సూది వెయ్యరా డాక్టరుగారూ?" అని అడుగుతారు. డాక్టరు వెయ్యనంటే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు.

2018 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మావులో పదుల మందికి హెచ్ఐవీ సోకినట్టు బయటపడింది. ఒకే సూదితో అందరికీ ఇంజెక్షన్లు చేశాడన్న ఆరోపణ మీద, డిగ్రీ లేకుండా వైద్యం చేస్తున్న ఒకరిని పోలీసులు అరెస్టు చేశారు. తక్కువ డబ్బుతో జబ్బు నయమవుతుందని ఊరి జనం అతని దగ్గరికి వెళ్లేవారు.