ఫోమెస్: నిప్పు నుంచి అంటువ్యాధి దాకా

లాటిన్‌లో 'ఫోమెస్' అంటే నిప్పురవ్వ పడగానే రాజుకునే పదార్థం. వెచ్చబరచడం అనే అర్థమున్న 'ఫొవెరే' ధాతువు నుంచి వచ్చిన ఈ మాటను, బర్చ్, బీచ్ చెట్ల మొదళ్లపై గుర్రపు డెక్కలా పెరిగే ఒక పుట్టగొడుగుకు శాస్త్రవేత్తలు 'ఫోమెస్ ఫోమెంటేరియస్' అని పేరుగా పెట్టారు.

యూరప్‌లో ఈ పుట్టగొడుగు పెంకు కిందుండే గోధుమరంగు పొరను పలుచగా కోసి, నానబెట్టి, మెత్తగా సాగేదాకా బాది, తరచుగా సూరేకారం పట్టించి ఆరబెట్టేవారు. చెకుముకి రాయితో ఉక్కును కొట్టినప్పుడు ఎగిరే రవ్వలు నిజానికి రాయి చెక్కేసిన ఉక్కు రజనే. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. అంత చిన్న రవ్వ కట్టెను అంటించలేదు. ఈ పొరలో మాత్రం సన్నని పోగుల మధ్య గాలి ఆడుతుంది, వేడి త్వరగా బయటికి పోదు. అందుచేత మంట లేకుండానే కణకణలాడుతూ నిప్పు లోలోపల పాకుతుంది. దానికి ఎండుగడ్డి చుట్టి ఊదితే మంట లేస్తుంది.

1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ల నాటి 'ఓట్సీ' అనే మనిషి నడుముసంచిలో ఇదే పుట్టగొడుగు దొరికింది. దాని పోగుల్లో పైరైట్ ఖనిజపు రేణువులు చిక్కుకుని ఉన్నాయి. ఉక్కు ఇంకా తెలియని ఆ రోజుల్లో రవ్వలు పుట్టించినది ఆ ఖనిజమే. ఒక వస్తువు ఎలా వాడారో ఇంత స్పష్టంగా చెప్పే ఆధారం పురావస్తుశాస్త్రంలో అరుదు.

1546లో ఇటలీలోని వెరోనాకు చెందిన వైద్యుడు జిరోలామో ఫ్రకాస్టోరో ఈ మాటను వైద్యంలోకి తెచ్చాడు. రోగం నేరుగా తాకడం వల్ల, దూరం నుంచి, వస్తువుల ద్వారా అని మూడు విధాలుగా సోకుతుందని వివరిస్తూ, తాము చెడిపోకుండానే రోగబీజాలను దాచుకునే బట్టలు, కలప వంటివాటిని ఆయన 'ఫోమెస్' అన్నాడు. సూక్ష్మజీవులను ఎవరూ చూడకముందే, పైకి కనిపించకుండా నిప్పును దాచుకునే పదార్థం పేరును రోగానికి అన్వయించిన ఆ చూపు నిజంగా మెచ్చదగినది. దాని బహువచనమైన 'ఫోమిటెస్' నుంచే నేటి వైద్యులు వాడే 'ఫోమైట్' వచ్చింది.

2020లో మనం పాలప్యాకెట్లను సబ్బుతో కడిగింది ఈ ఫోమైట్ల భయంతోనే. కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపిస్తుందని, వస్తువుల వల్ల ముప్పు తక్కువని తర్వాత తేలింది. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ విషయంలో మాత్రం తలుపు గడియలు, పాత్రలు శుభ్రం చేయడం ఇప్పటికీ తప్పనిసరి.