ఆర్డర్ వచ్చేశాక ఫోన్ చేస్తున్నారు: పంట ఎగుమతులు, సోలార్ పాలసీపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది వనస్థలిపురం నుంచి. రిటైరైన పెద్దాయన, మూడేళ్ల కింద ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నారు. "బిల్లు సున్నా అవుతుందన్నారమ్మా. ప్రతి నెలా ఎంతో కొంత వస్తూనే ఉంది. ఆ ఫిక్స్‌డ్ చార్జీ తీసెయ్యమని ఎవరికి చెప్పాలి?" రెండోది ఖమ్మం జిల్లా నుంచి. మిర్చి రైతులతో కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ నడిపే తమ్ముడు. "అక్కా, శాంపిల్ ఫెయిలైందట. మేం కొట్టిన ఒక మందుకి ఆ దేశం వాళ్లు లిమిట్ తగ్గించారట. మాకెవరూ చెప్పలేదు. మీరు ఢిల్లీలో మాట్లాడి ఆపించలేరా?"

ఇద్దరికీ నేను చెప్పాల్సి వచ్చిన జవాబు ఒకటే. ఈసారికి మాట్లాడే గడువు దాటిపోయింది. పదమూడేళ్లుగా ఈ జవాబు చెబుతున్నా, అవతలి మనిషి గొంతు పడిపోవడం విన్న ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో ఉండి రైతు సంఘాలు, కాలనీ సంఘాల తరఫున ప్రభుత్వాలకు, కమిషన్లకు అర్జీలు రాస్తాను, విచారణల్లో మాట్లాడతాను. పంటల ఎగుమతి, సోలార్, ఈ రెండే నా విషయాలు. పాలసీ అడ్వకసీ అంటే కొందరు లాయరా అంటారు, కొందరు పైరవీనా అంటారు. పైరవీ తలుపు వెనక జరుగుతుంది. మేం రాసే ప్రతి కాగితం మీద పేరు, సంతకం ఉంటాయి, ఎవరైనా అడిగి చదువుకోవచ్చు.

అపోహ: ఆర్డర్ వచ్చాకే మాట్లాడాలి. ముందు మాట్లాడితే వినేదెవరు?

జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. మిగతావాటికి ఒక్కో పేరా చాలు, దీనికి చాలదు.

కరెంట్ చార్జీలనే తీసుకోండి. విద్యుత్ చట్టం 2003లో 64వ సెక్షన్ ఉంది. డిస్కం, అంటే మనకు కరెంట్ సరఫరా చేసే సంస్థ, ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు ప్రతిపాదన ఇవ్వాలి, దాని సారాంశం ప్రచురించాలి. జనం పంపిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ ఆర్డర్ ఇవ్వాలి. దానికి 120 రోజుల గడువు. కొత్త చార్జీలు ఏప్రిల్ 1న మొదలవ్వాలంటే వెనక్కి లెక్కేసుకోండి, ప్రతిపాదన నవంబర్ 30లోగా రావాలి. కొన్నేళ్లు ఆలస్యమవుతుంది, అది వేరే సంగతి. మొత్తానికి మీ బిల్లు గురించి మాట్లాడాల్సింది చలికాలంలో. మనవాళ్లు మాట్లాడేది మే నెలలో, బిల్లు చేతికొచ్చాక.

నెట్ మీటరింగ్ (ఇంటి సోలార్ కరెంట్‌లో మిగిలింది గ్రిడ్‌కు పంపి బిల్లులో సర్దుకోవడం) లాంటి నిబంధనలూ అంతే. అదే చట్టం 181వ సెక్షన్ ప్రకారం కమిషన్ చేసే ప్రతి రెగ్యులేషన్‌కూ ముసాయిదాను ముందుగా ప్రచురించి తీరాలి. ఆ ముసాయిదా వెబ్‌సైట్‌లో ఉన్న రోజుల్లో దాన్ని చదివే సోలార్ వినియోగదారులు ఎంతమంది? నేను చూసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"రాసినా ఏం లాభం లేదు మేడం" అనేవాళ్ల కోసం ఒక ఉదాహరణ. 2024లో తెలంగాణ డిస్కంలు, నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు ₹10 నుంచి ₹50కి పెంచమని అడిగాయి. ఐదు కిలోవాట్ల లోడ్ ఉన్న ఇంటికి అది నెలకు ₹50 నుంచి ₹250కి వెళ్లేది. అక్టోబర్‌లో బహిరంగ విచారణలు జరిగాయి. ఆ నెలాఖరున వచ్చిన ఆర్డర్‌లో కమిషన్ ఆ పెంపును ఒప్పుకోలేదు. కేవలం మన అభ్యంతరాల వల్లే ఆగిందని నేను అనను. కానీ ఒక్కరూ అభ్యంతరం చెప్పకపోతే కమిషన్ ముందు డిస్కం లెక్క తప్ప ఇంకో లెక్కే ఉండదు కదా.

అభ్యంతరం పంపడానికి లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. ఎవరైనా పంపొచ్చు. కాపీ ఒకటి డిస్కంకు, ఒకటి కమిషన్‌కు. డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. టారిఫ్ ఆర్డర్ తెరిచి చూడండి, అందులో అభ్యంతరాలు, వాటికి డిస్కం ఇచ్చిన జవాబు, కమిషన్ అభిప్రాయం వరసగా అచ్చయి ఉంటాయి. మీరు రాసిన మాటకు కమిషన్ తన అభిప్రాయం చెప్పాల్సి వస్తుంది. ఇంతకన్నా బలమైన అవకాశం మామూలు మనిషికి ఇంకెక్కడ ఉంది?

ఎలా రాయాలో కూడా చెబుతాను. నా మొదటి విచారణకు నేను మూడు పేజీల ప్రసంగం రాసుకుని వెళ్లాను. పేదల గురించి, పర్యావరణం గురించి, ఊపిరి తీసుకోకుండా చదివాను. విన్నారు, తల ఊపారు, తర్వాతి పేరు పిలిచారు. నా తర్వాత లేచిన ఆవిడ చిన్న ఐస్ ఫ్యాక్టరీ నడుపుతారు. పన్నెండు నెలల బిల్లులు పిన్ చేసి తెచ్చారు. "ఈ పేజీలో ఈ వరుస మారితే నాకు నెలకు ఇంత పెరుగుతుంది" అని రెండు నిమిషాల్లో ముగించారు. పెన్ను తీసి రాసుకున్నది ఆవిడ చెప్పింది. అప్పటి నుంచి నా అర్జీలు ఒక్క పేజీ దాటవు. పిటిషన్ నంబర్, మీ సర్వీస్ నంబర్, ప్రతిపాదనలో ఏ పేరా, దానివల్ల మీకు ఎన్ని రూపాయలు, దాని బదులు ఏ వాక్యం ఉండాలి. బిల్లు కాపీ జత చేయండి. స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ ముక్క కూడా రాయండి. అంతే.

ఇక మిర్చి తమ్ముడి సంగతి. విదేశీ ప్రభుత్వం పెట్టే నియమం మీద మనం మాట్లాడలేమని దాదాపు అందరూ అనుకుంటారు. మాట్లాడొచ్చు. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశమేదైనా ఆహార భద్రత, మొక్కల ఆరోగ్యానికి సంబంధించిన నియమం మార్చాలనుకుంటే, దానివల్ల వ్యాపారం మీద గట్టి ప్రభావం ఉంటుందనుకుంటే, ముసాయిదాను ముందే తెలియజేయాలి. అభిప్రాయాలకు మామూలుగా 60 రోజులు ఇస్తారు. నియమం ఖాయమయ్యాక కూడా అమలుకు సాధారణంగా ఆరు నెలల వ్యవధి ఉంటుంది. మన అభిప్రాయం మన దేశపు ఎంక్వైరీ పాయింట్ ద్వారా వెళ్తుంది, ఆహారానికైతే అది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ. ఇలాంటి ముసాయిదాలు వచ్చినప్పుడు ఈమెయిల్ పంపే ఈపింగ్ అనే ఉచిత సేవ ఉంది. మీ పంట, మీ కొనుగోలు దేశం ఎంచుకుంటే చాలు.

పంటలో మిగిలే మందు అవశేషాలకు పరిమితులు ఎంత సన్నగా ఉంటాయో తెలిస్తే ఇదెందుకు ముఖ్యమో అర్థమవుతుంది. ఒక పురుగుమందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే యూరోపియన్ యూనియన్ కిలోకు 0.01 మిల్లీగ్రాములే అనుమతిస్తుంది. లెక్కేయండి, వంద టన్నుల సరుకులో ఒక్క గ్రాము. అగ్గితెగులుకు మన వరి రైతులంతా ఎరిగిన ట్రైసైక్లజోల్‌కు బియ్యంలో పరిమితిని వాళ్లు 1 మిల్లీగ్రాము నుంచి ఇదే 0.01కి దించారు. 2018 నుంచి బాస్మతి ఎగుమతిదారులకు అది పెద్ద దెబ్బ. మందు మార్చుకోవడానికి, రైతుకు చెప్పడానికి, డీలర్‌ను ఒప్పించడానికి ఒక సీజన్ కావాలి. ముసాయిదా దశలో తెలిస్తే ఆ సీజన్ దొరుకుతుంది. కంటైనర్ ఆగాక తెలిస్తే అప్పు మిగులుతుంది.

గడువు ఇవ్వని నిర్ణయాలూ ఉన్నాయి, అది దాచను. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అది వెంటనే అమల్లోకి వచ్చింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం కూడా అంతే. తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబర్ 28 దాకా ఉంది. ఆ పద్నాలుగు నెలల్లో మిల్లర్ల ఫోన్లు ఎత్తడానికే భయమేసేది, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేక. 2025 జనవరిలో విదేశీ వాణిజ్య విధానంలో 1.07ఏ, 1.07బీ అని రెండు పేరాలు చేర్చారు. విధానం మార్చేముందు సంబంధిత వర్గాల అభిప్రాయం అడగాలన్నది వాటి సారం. అత్యవసరమైతే సొంతంగా నిర్ణయించే హక్కు కేంద్రం ఉంచుకుంది. అయినా నాకు ఇది చిన్న విషయం కాదు. అడిగినప్పుడు మన దగ్గర అంకెలు సిద్ధంగా ఉండాలి.

అపోహ: మన ఎమ్మెల్యేకి చెబితే పని అయిపోతుంది

ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. విదేశీ వాణిజ్యం రాజ్యాంగంలో కేంద్ర జాబితా 41వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితా 14. విద్యుత్తు ఉమ్మడి జాబితా 38. బియ్యం నిషేధం తీయించమని కలెక్టరేట్ ముందు కూర్చుంటే కలెక్టర్ వినతిపత్రం తీసుకోగలరు, అంతకు మించి ఆయన చేతిలో ఏమీ లేదు. ఎండకు కూర్చున్న రైతులను చూసి నేను కోప్పడను, వాళ్లను అక్కడ కూర్చోబెట్టినవాళ్ల మీద మాత్రం కోపం వస్తుంది.

అపోహ: సోలార్ పెడితే బిల్లు సున్నా, కరెంట్ పోయినా ఇల్లు వెలుగుతుంది

నెట్ మీటర్ తగ్గించేది యూనిట్ల లెక్కను. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు ఉంటాయి. బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ సిస్టమ్ కరెంట్ పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణం కోసం దాన్ని అలాగే తయారుచేస్తారు, అది లోపం కాదు. ఇంకోటి, ఎండ మండేకొద్దీ ఉత్పత్తి పెరగదు. ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది.

అపోహ: ఏజెంటుకు డబ్బు కడితే సబ్సిడీ ముందే వస్తుంది

రాదు. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్య ఘర్‌ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు ₹30,000, మూడోదానికి ₹18,000, మొత్తం ₹78,000 మించదు. సిస్టమ్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాక మీ ఖాతాలోనే పడుతుంది. రైతుల కోసం కేంద్రం తెచ్చిన సోలార్ పథకం పీఎం కుసుమ్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఎన్నోసార్లు హెచ్చరించింది. మా మేనమామ అలాంటి సైట్‌లోనే పంపు కోసం "రిజిస్ట్రేషన్ ఫీజు" ₹5,600 కట్టాడు. డబ్బు కన్నా, ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి ఆరు నెలలు దాచాడు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మోసపోయినవాళ్లు సిగ్గుపడకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉచిత కరెంట్ ఉండగా రైతుకు సోలార్ ఎందుకని కూడా అడుగుతారు. కుసుమ్ అంటే పంపు ఒక్కటే కాదు. అందులో 'ఏ' అనే విభాగం కింద రైతు తన పొలంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటు పెట్టి డిస్కంకు కరెంట్ అమ్మొచ్చు. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, పెట్టుబడి కోట్లలో ఉంటుంది. అప్పు తెచ్చి దూకే ముందు కొనుగోలు ఒప్పందం పూర్తిగా చదివించుకోండి.

అపోహ: ఐఈసీ నంబర్ వస్తే ఎగుమతిదారు అయిపోయినట్టే

ఐఈసీ అంటే దిగుమతి-ఎగుమతి కోడ్, ₹500 కట్టి తీసుకునే నంబర్ మాత్రమే. మిర్చి, పసుపు ఎగుమతికి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి, ఇతర వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతులు చూసే అపెడాది కాదు. నిజామాబాద్‌లో 2025లో పసుపు బోర్డు వచ్చింది కదా అని ఈ నియమాలు మారలేదు. అసలు పరీక్ష కల్లంలో మొదలవుతుంది. నేల మీద ఆరబోసిన మిర్చికి రాత్రి మంచు తగిలితే బూజు, బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం. యూరప్‌కు మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. సోలార్ డ్రయ్యర్ల గురించి నేను ప్రతి సమావేశంలో అడిగేది అందుకే. కరెంట్ ఆదా అనే ఖాతాలోనే దాన్ని చూస్తున్నారు, ఎగుమతి ఖాతాలో కూడా చూడాలి.

వనస్థలిపురం పెద్దాయన ఇప్పుడు ముప్పై ఆరు నెలల బిల్లులు ఫైల్ చేసి పెట్టుకున్నారు. నవంబర్ నుంచి పేపర్‌లో డిస్కం ప్రకటన కోసం చూస్తానన్నారు.

ఖమ్మం తమ్ముడిని ఈపింగ్‌లో చేర్పించాను. మూడు వారాలకే ఇంకో మందు మీద ముసాయిదా వచ్చింది. అర్జీ నేను రాస్తానన్నాను, వద్దన్నాడు, తనే రాస్తానన్నాడు. 2021-22లో కొత్త తామర పురుగు వచ్చి మిర్చి తోటలు ఎలా పోయాయో, అప్పటి నుంచి పిచికారీలు ఎందుకు పెరిగాయో, కోతకు కోతకు మధ్య ఎన్ని రోజులుంటాయో రాశాడు. నాకు తెలియని విషయాలు అందులో నాలుగున్నాయి. నిన్న రాత్రి పదకొండింటికి రెండో డ్రాఫ్ట్ పంపాడు, తొమ్మిది మంది రైతుల స్ప్రే డైరీల ఫొటోలతో. గడువు ఇంకా పంతొమ్మిది రోజులుంది.