కేంద్రకానికి తగిలిన స్ట్రైకర్

"ఈ రాత్రి 12:30 నుంచి 3:30 దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేయండి." ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ మెసేజ్ మళ్లీ వచ్చింది. పిన్ని టెన్షన్ పడి ఫోన్ చేసింది. వాటికి రాత్రీ పగలూ లేవు పిన్నీ, ఇప్పుడు కూడా నీ అరచేతిలోంచి సెకనుకు ఒకటో రెండో కణాలు దూసుకుపోతున్నాయి అన్నాను. "ఎక్కణ్ణుంచిరా?" అంది. ఆ ప్రశ్న అడిగితే నాకు పండగే.

అంతరిక్షం నుంచి వచ్చిపడేవి ఎక్కువగా ప్రోటాన్లు. ఎక్కడో పైన అవి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను (పరమాణువు నడుమ ప్రోటాన్లు, న్యూట్రాన్లు అనే కణాలు ముద్దగా ఉండే చోటు) గుద్దితే రేగిన తునకల సంతతే మన చేతిదాకా వస్తుంది. కేంద్రకం నుంచి ఒక కణాన్ని ఊడగొట్టడానికి సుమారు 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) చాలు. వచ్చే ప్రోటాన్ దగ్గర 100 కోట్లకు పైనే ఉంటాయి.

క్యారమ్స్‌లో బ్రేక్ కొట్టడం గుర్తు తెచ్చుకోండి. కణాలకూ అలల గుణం ఉంటుంది, అల ఎంత పొట్టిదైతే అంత చిన్న వస్తువు విడిగా తెలుస్తుంది. ఇంత శక్తి ఉన్న ప్రోటాన్ తరంగదైర్ఘ్యం, అంటే దాని అల పొడవు, కేంద్రకంలో కణాల మధ్య దూరం కంటే చిన్నది. కాబట్టి స్ట్రైకర్‌కు కాయిన్ల కుప్ప కనిపించదు, ఎదురుగా ఉన్న ఒక్క కాయిన్ కనిపిస్తుంది. అది ఇంకోదాన్ని, అది మరోదాన్ని కొడుతుంది. కొన్ని బయటికి ఎగిరిపోతాయి. ఇదంతా సెకనులో 10 కోట్ల కోట్ల కోట్లవ వంతులో అయిపోతుంది.

ఇక్కడితో క్యారమ్స్ పోలిక చాలదు. దెబ్బ తిని కూడా బయటపడలేని కణాలు ఆ శక్తిని పక్కవాటికి పంచుతాయి. మిగిలిన కేంద్రకం కుతకుతలాడుతుంది. పొయ్యి మీంచి దించిన గిన్నెలోంచి ఆవిరి లేచినట్టు న్యూట్రాన్లు, ప్రోటాన్లు, ఆల్ఫా కణాలు (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల జట్టు) ఒక్కొక్కటే లేచిపోయి దాన్ని చల్లారుస్తాయి. ఈ రెండంచెల లెక్కను 1947లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ సెర్బర్ చెప్పాడు.

దాని బొమ్మ మాత్రం పదేళ్ల ముందే దొరికింది. వియన్నాకు చెందిన భౌతిక శాస్త్రవేత్తలు మరియెట్టా బ్లౌ, హెర్తా వాంబాకర్ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ దగ్గర 2,300 మీటర్ల ఎత్తున్న కొండ మీద, విద్యుదావేశం ఉన్న కణం దూసుకెళ్తే గీత పడే ఫొటో ప్లేట్లను నెలల తరబడి ఉంచారు. 1937లో వాటిని కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే, ఒకే చుక్క నుంచి నలువైపులా గీతలు, అచ్చం నక్షత్రంలా! అలాంటి నక్షత్రంలో ముందుకు సాగిన పలచని గీతలు బ్రేక్‌లో ఎగిరినవి. చుట్టూ ఉన్న పొట్టి నల్లని గీతలు నెమ్మదిగా ఆవిరైనవి. న్యూట్రాన్లకు విద్యుదావేశం లేదు, గీత పడదు. ఆ మరుసటి ఏడే, యూదు కుటుంబంలో పుట్టినందుకు, నాజీల వల్ల బ్లౌ దేశం విడిచిపోవాల్సి వచ్చింది. మన పాఠాల్లో ఆమె పేరు ఉండాలి.

ఇదే గుద్దులాట నక్షత్రాల మధ్య శూన్యంలోనూ సాగుతుంది. అక్కడ పగిలే కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాల నుంచి బోరాన్ పుడుతుంది. నక్షత్రాలు తమ కడుపులో బోరాన్‌ను నిలవనివ్వవు, మండించేస్తాయి. మనం క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌లోని బోరాన్ చాలావరకు ఇలా పగిలి పుట్టిందే.