పాతకాలం ప్రోగ్రామర్లకు ముందుచూపు లేదా? మెయిన్‌ఫ్రేమ్ అపోహలు - వాస్తవాలు

1998లో అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. అప్పటి నుంచి మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల లెక్కలు నడిపే భారీ కంప్యూటర్) ప్రోగ్రాములే నా బతుకుదెరువు. ఇప్పుడు నల్లగొండలో ఇంటి నుంచే పని. ఆదివారాలు దేవరకొండ, హాలియా నుంచి డిగ్రీ పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ల నోట పదేపదే వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: "1983ని '83' అని సంవత్సరానికి రెండంకెలే రాశారంటే వాళ్లకు ముందుచూపు లేదు సార్."

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. అప్పట్లో లెక్కలన్నీ పంచ్ కార్డుల (రంధ్రాలు పొడిచి సమాచారం దాచే అట్టలు) మీద ఎక్కేవి. ఒక్కో అట్టకు 80 గడులు, గడికో అక్షరం. ఖాతాదారు పేరు, నంబరు, బాకీ, తేదీలు అందులోనే ఇమడాలి. మూడు తేదీలుంటే '19' రాయడానికే ఆరు గడులు పోతాయి. 1959లో ఐబీఎం ప్రకటించిన 1401 మెషీన్‌లో అతి చిన్న మోడల్ మెమరీ 1,400 అక్షరాలు. ఈ పోస్టు మొత్తం అందులో పట్టదు.

మా నాయన మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమాస్తా. ఆయన ఆవర్జాలోనూ తేదీ 12-4-83 అనే ఉండేది. మనమూ "ఎనభై మూడులో పెండ్లయింది" అనే అంటాం కదా. ఆవర్జా చదివేది మనిషి గనక ఏ శతాబ్దమో తనే పోల్చుకుంటాడు, మెషీన్‌కు అది చేతకాదు. పైగా అప్పట్లో మెషీన్ మారిందంటే చాలాసార్లు ప్రోగ్రాం మళ్లీ రాసుకోవలసిందే. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్/360తో ఆ పద్ధతి మారింది. ఆ కుటుంబంలో చిన్న మోడల్‌కు రాసిన ప్రోగ్రాం పెద్దదాంట్లోనూ నడిచింది. ఇవాళ్టి ఐబీఎం జెడ్ మెషీన్లు కూడా ఆ వారసత్వాన్నే నిలుపుకున్నాయి. కొన్నేళ్లకు అనుకొని రాసిన కోడు అట్లా దశాబ్దాలు నడిచింది.

అపోహ: వైటూకే (2000 రాగానే '00'ను మెషీన్ 1900 అనుకుంటుందన్న సమస్య) అంతా బూటకం, చివరికి ఏమీ కాలేదు.

పని చేశాం గనకే పెద్ద ప్రమాదం తప్పింది. 1999లో ప్రోగ్రాముల లిస్టింగులు (కోడు మొత్తం) ప్రింటు తీసి, తేదీ తగిలిన ప్రతి లైనూ ఎర్రపెన్నుతో గీశాం. ఫైలులో నాలుగంకెలకు చోటు లేనిచోట 'విండో' పెట్టాం: 50 నుంచి 99 అయితే 1900లు, 00 నుంచి 49 అయితే 2000లు. లీపు లెక్క ఇంకో తలనొప్పి. వందతో భాగిస్తే లీపు కాదన్న సగం సూత్రమే రాసిన కోడులో 2000 ఫిబ్రవరి 29 ఉండదు. 400తో భాగిస్తే లీపే అన్న మిగతా సగం మేం చేర్చాం. అట్లాంటి విండో ఎక్కడ మిగిలి ఉన్నా 2050 లోపు మళ్లీ తెరవాల్సిందే.

అపోహ: కోబాల్ అంతా అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ ఒక్కరే రాశారు.

ఆమె ఫ్లో-మాటిక్ భాష దానికి పెద్ద ఆధారం. రూపం దిద్దింది మాత్రం కమిటీ, అందులో జీన్ శామెట్ అనే మరో మహిళా శాస్త్రవేత్త ఉన్నారు. అంతకుముందే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌ను మొదట ప్రోగ్రాం చేసిన ఆరుగురూ ఆడవాళ్లే. "ఆడపిల్లకు ఈ లైనెందుకు" అనే తల్లిదండ్రులకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: పంచ్ కార్డుల కాలం ఎప్పుడో ముగిసింది.

అట్ట పోయింది గానీ దాని కొలత ఇంకా మా స్క్రీన్ మీదే ఉంది. పాత ఫార్మాట్ కోబాల్‌లో మొదటి ఆరు గడులు వరస నంబరుకు. కార్డుల కట్ట చేజారితే తిరిగి పేర్చుకోవడానికి అట్లాంటి నంబరే దిక్కు. ఏడో గడిలో స్టార్ గుర్తు పెడితే ఆ లైను కామెంట్ (మెషీన్ పట్టించుకోని వివరణ). కోడు 72వ గడితో ఆగాలి. పిల్లలు అది దాటి రాసి, ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలియక గంటసేపు వెతుక్కుంటారు. బోర్డు మీద కార్డు బొమ్మ గీసి 72 దగ్గర గీత పెడతాను. తప్పు వాళ్లే పట్టుకుంటారు.