అద్దాలు పెట్టుకుంటే పవర్ పెరుగుతుందా?

"చత్వారం వచ్చిందని అద్దాలు మొదలుపెడితే కళ్ళు వాటికే అలవాటుపడి పవర్ ఏటా పెరుగుతుందంటారు, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. నిజం కాదు. ఎందుకు కాదో ఒక చిన్న భాగహారం చెప్పేస్తుంది.

పవర్‌ని డయాప్టర్లలో కొలుస్తారు. 1ని మీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. దూరపు చూపు బాగున్న కంటికి 40 సెంటీమీటర్ల దగ్గర పుస్తకం చదవాలంటే 1/0.4, అంటే 2.5 డయాప్టర్ల అదనపు బలం కావాలి. దాన్ని కంట్లోని కటకమే ఇస్తుంది. కంటి కండరం బిగుసుకుంటే కటకాన్ని లాగిపట్టిన సన్నని తంతువులు వదులవుతాయి, కటకం తనంతట తాను ఉబ్బుతుంది. కండరం దాన్ని నొక్కడం లేదన్నమాట! ఎంత చక్కటి ఏర్పాటో.

పదేళ్ళ పిల్లల్లో ఈ బలం 10 డయాప్టర్లు దాటే ఉంటుంది. వయసుతోపాటు కటకం గట్టిపడుతుంది. 45 ఏళ్ళకు సుమారు 4 మిగులుతుంది. అందులో 2.5 చదువుకే పోతే సాయంత్రానికి కళ్ళు లాగక ఏం చేస్తాయి? పేపర్‌ని 50 సెంటీమీటర్లకు జరిపితే 2 డయాప్టర్లు చాలు. అందుకే చెయ్యి చాపి చదువుతాం. ఆ చెయ్యీ చాలనప్పుడు +1 అద్దం వస్తుంది, మళ్ళీ 40 సెంటీమీటర్ల దగ్గరే చదవడానికి కన్ను 1.5 ఇస్తే సరిపోతుంది. కటకం ఇంకా గట్టిపడేకొద్దీ ఆ లోటును అద్దం పూడుస్తుంది, అంతే. అద్దాలే కళ్ళను పాడుచేస్తే ఈ పెరుగుదల జీవితాంతం సాగాలి. కానీ అరవై దాటాక చదవడానికి కలిపే పవర్ 2.5 దగ్గరలో దాదాపు ఆగిపోతుంది. 1/0.4 కన్నా ఎక్కువ అవసరమే లేదు కదా!

పిల్లల మైనస్ పవర్ సంగతి వేరు. అక్కడ కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల పవర్ పెరుగుతుంది. "అలవాటవుతుంది" అని పిల్లలకు అద్దాలు మాన్పించే పెద్దలను చూస్తే బాధేస్తుంది. బోర్డు కనపడని పిల్లకు పాఠం ఎలా ఎక్కుతుంది? బళ్ళో డయాప్టర్ సూత్రం బట్టీ పట్టిస్తాం గానీ, టేపు తెచ్చి పుస్తకం ఎంత దూరంలో పట్టుకుంటున్నారో కొలిపించం.

ఆ టేపు పెద్దలకూ పనికొస్తుంది. కంప్యూటర్ తెర 66 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కావలసింది 1.5 మాత్రమే. 2.5 రీడింగ్ గ్లాసులతో దాన్ని చూస్తే మసకే, ముందుకు వంగి వంగి మెడ పట్టేస్తుంది. పరీక్షకు వెళ్ళేముందు పుస్తకం దూరం, తెర దూరం రెండూ కొలిచి రాసుకెళ్ళండి.