లవంగ నూనెతో నొప్పి తగ్గుతది, పుచ్చు తగ్గదు

పిప్పి పన్నుతో మా పండ్ల క్లినిక్‌కు వచ్చేటోళ్ల నోట ఎక్కువగా వినపడే మాట ఇది: "లవంగ నూనె పెడితే తగ్గేది సారూ, ఈసారెందుకో తగ్గుతలేదు." అప్పటికి దవడ వాచి ఉంటది.

అపోహ: నొప్పి పోతే పుచ్చు మానినట్టే.

వాస్తవం: కాదు. ఆ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే పదార్థం. అది పంటి నరాన్ని కొద్దిసేపు మొద్దుబారుస్తది, అంతే. గుంత లోపలికి దిగుతనే ఉంటది. చల్లనీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గే దశల వస్తే చాలావరకు ఫిల్లింగ్‌తోనే పోతది. రాత్రి పండుకోంగనే పోటెత్తి నిద్ర పట్టకుంటే, చాలాసార్లు రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసి నింపుడు) దాక పోయినట్టే. అటెన్క ఒకరోజు నొప్పి ఉన్నట్టుండి మాయమైతది. నూనె గుణమిచ్చిందని సంబురపడతరు. చచ్చింది నరం! వేరు కొసకు చీము చేరి, వారాలకో నెలలకో వాపు తేలుతది. అప్పుడు కొన్ని పండ్లు రూట్ కెనాల్‌తో నిలుస్తయి, కొన్నిటికి పీకుడు తప్ప దారి ఉండదు.

వాపు దవడ కిందికి, మెడకు దిగినా, నోరు తెరవరాకున్నా, మింగుడు కష్టమైనా, ఆర్‌ఎంపీ సూదితోని రోజులు గడపొద్దు. ఊపిరి దారి మూసుకుపోవచ్చు. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలె.

"మీరు కూడా అదే వాడతరు గద?" వాడతం. క్లినిక్‌ల వచ్చే వాసన అదే. కానీ పుచ్చంత గీకినంక, జింక్ ఆక్సైడ్ పొడితో ముద్ద చేసి తాత్కాలికంగ నింపుతం.

నడిరాత్రి నొప్పికి భయపడుడు సహజమే, నూనె పెట్టుకోండ్రి, తప్పు లేదు. ముందుగాల గ్లాసు గోరువెచ్చని నీళ్లల్ల అర చెంచా ఉప్పేసి పుక్కిలించాలె. చెంచాడు కొబ్బరి నూనెల 2 చుక్కల లవంగ నూనె కలిపి, చిన్న దూది ముంచి పిండి, గుంతల మాత్రమే పెట్టాలె. 5 నుంచి 10 నిమిషాలకు తీసి ఉమ్మెయ్యాలె. దూది ఉంచుకొని పండుకోవద్దు. రోజుకు 2, 3 సార్లు, అదీ ఒకటి రెండు రోజులే. కలపకుండ నేరుగ పోస్తే చిగురు కాలి తెల్లగ పొర లేస్తది, దాన్ని చీము అనుకొని ఇంకింత పోసేటోళ్లున్నరు.

పండ్లొస్తున్నయని పసిపిల్లల చిగుర్లకు రాయొద్దు. 5 నుంచి 10 మి.లీ. మింగిన పిల్లలకు ఫిట్స్ వచ్చి, కాలేయం దెబ్బతిన్న సంగతులు వైద్య పత్రికల్లనే ఉన్నయి. మింగితే కక్కించొద్దు, సీసా పట్టుకొని దవాఖానకు ఉరకాలె. దగ్గుకు, కడుపునొప్పికి పెద్దలు కూడా తాగొద్దు. లవంగం నమిలినట్టు కాదది. రక్తం పల్చబడే గోలీలు వేసుకునేటోళ్లు డాక్టర్ను అడగాలె.

పంటి పురుగు? అసలు లేదు. బజార్ల తీసి చూపిచ్చేది కనికట్టు.

ఇగ నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు అడిగేది పండ్ల మీది గోధుమ రంగు మచ్చలు. ఫ్లోరైడ్ నీళ్లు తాగుడుతోని, చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పింగాణీల (పంటి గట్టి పైపొరల) దిగిన రంగది. ఏ నూనె రుద్దినా పోదు. పైపై మచ్చలైతే పలుచగ అరగదీస్తం, లోతుగుంటే కాంపోజిట్ (పంటి రంగు ముద్ద) గానీ వెనీర్ (పంటి మీద అతికే పలుచని పొర) గానీ వెయ్యాలె.